గోడ మీది కూడిక

తాళంచెవి తిరిగింది. తలుపు తెరుచుకోలేదు.
భుజం ఆనించి ఒక్క తోపు తోశాను.
అలా, దొంగలాగా,
నా ఇంట్లోకి నేనే చొరబడ్డాను.

గ్లాస్గోలో, ఎర్ర ఇసుకరాతి భవనంలో,
మూడో అంతస్తు, ఒకటిన్నర గది.
పదకొండేళ్ళు రాత్రి బస్సు నడిపి
తూలుతున్నవాళ్ళని వాళ్ళ వాళ్ళ గుమ్మాల దగ్గర దించి
నాకంటూ కూడబెట్టుకున్న గుమ్మం.

సర్వే రిపోర్టు ఇరవై ఆరు పేజీలు.
'తడి' అన్న మాట పంతొమ్మిది సార్లు.
కిటికీ: శ్రద్ధ అవసరం.
నేల: శ్రద్ధ అవసరం.
పొయ్యి గూడు: తక్షణ శ్రద్ధ అవసరం.
నా ఒంటినైనా ఏ డాక్టరూ
ఇంత ఓపిగ్గా చూడలేదు.

బ్యాంకు ఆఫీసరు పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి
"నిశ్చయమేనా, మిస్ గాలోవే?" అన్నాడు.
సంతకానికి చెయ్యి వణకలేదు.
బయటికొచ్చి బస్ స్టాపులో కూర్చుని
మూడు బస్సులు పోనిచ్చాను.
నాలుగోది తోలేది మావాడే. హారన్ కొట్టి
"ఇష్బెల్, ఎక్కుతావా, అక్కడే కాపురం పెడతావా?"

మొదటి రోజే కుళాయి విప్పాను.
నీళ్ళు నా సింకులోకి రాలేదు,
మిసెస్ ఒగిల్వీ పడగ్గదిలోకి వెళ్ళాయి.
సూపు గిన్నె రెండు చేతులా పట్టుకుని
ఆవిడ మెట్లెక్కి వచ్చింది. తిడుతుందనుకున్నాను.
"నీ సామాను కొంత కిందికి దిగింది, ఇదిగో."
గిన్నె నిండా నా నీళ్ళు.
"నలభై ఏళ్ళుగా పైనుంచి ఏదో ఒకటి వస్తూనే ఉందమ్మా.
నీకు ముందున్నాయన ట్రంపెట్ వాయించేవాడు.
నీళ్ళే నయం."

ఇల్లు కట్టి చూడమంటారు గాని
కట్టినదాన్ని విప్పి చూడమని ఎవరూ చెప్పరు.

నవంబరంతా గీకాను.
డ్యూటీ దిగి, యూనిఫాం మీదే, తెల్లారే దాకా.
మీగడ రంగు కాగితం. దాని కింద
చూస్తే కళ్ళు తిరిగే నారింజ వలయాలు.
దాని కింద ఆకుపచ్చ రెల్లు.
దాని కింద గులాబీలు. దాని కింద మళ్ళీ అవే గులాబీలు:
ఎవరికో మనసు మారలేదు,
కాగితమే చిరిగింది.
ఒకచోట సున్నం పెళ్ళ ఊడి
లోపలి గుర్రపు వెంట్రుకలు వేలికి చుట్టుకున్నాయి.
ఎప్పటిదో బండి గుర్రం ఒకటి
నా వంటగదిలో ఒళ్ళు విదిల్చింది.

ప్లంబర్ లాఖ్లన్ గొట్టం తట్టి చూసి
ఏమీ అనలేదు.
ప్లంబర్లు ఏమీ అనకపోతే ఎంతవుతుందో
నాకిప్పుడు తెలుసు.

మంచం పట్టే గూటి వెనక, ఉత్త గోడ మీద, పెన్సిలు రాత.
జె. మెకిన్స్, మార్చి 1934.
కాగితం పన్నెండు చుట్టలు: ముప్పై ఆరు షిల్లింగులు.
కూలి పద్దెనిమిది.
జిగురు రెండు.
మొత్తం నలభై ఆరు.

నిచ్చెన మీద నిలబడే కూడాను.
వేళ్ళ మీద కూడాను. ఫోనులో కూడాను.
యాభై ఆరు.
చేతిలో ఒకటి, చేతిలోనే మరిచిపోయాడు పాపం.
ఆ పది ఎవరి కంచంలోంచి పోయాయో,
ఇంటికెళ్ళి ఏం చెప్పుకున్నాడో.
ఇన్నేళ్ళుగా ఈ గోడ అతనికి బాకీ,
గులాబీలు కప్పుకుని, తెలియనట్టు.

నవ్వాను. నవ్వి, నా నోటుపుస్తకం తీశాను.
వైరింగు, కిటికీలు, తడికి మందు,
లాఖ్లన్ మౌనం.
అన్నీ ఉన్నాయి.
మర్నాడు మెట్ల దగ్గర మిసెస్ ఒగిల్వీ
"పైకప్పు రిపేరులో నీ వాటా వేసుకున్నావు కదా?" అనేదాకా
అన్నీ ఉన్నాయి.

పైకప్పు!
అందరి నెత్తి మీదా ఉన్నది
ఒక్క నా లెక్కలోనే లేదు.

ఈ రాత్రి డ్యూటీ లేదు. హీటరు లేదు.
కోటు మీద కోటు వేసుకుని
వంటకత్తితో పెన్సిలు చెక్కాను.
జె. మెకిన్స్ నలభై ఆరుని దిద్దలేదు,
అది అతని లెక్క.
దాని కింద నాది రాశాను, పైకప్పుతో సహా,
పేరు, నెల, సంవత్సరం.
ఒకసారి కూడాను.
రెండోసారి కూడితే వేరే మొత్తం వచ్చింది.
రెండూ రాసి ఉంచాను.

పొద్దున ఏడింటికి
గోడ పూసేవాళ్ళు వస్తారు.