కిటికీ వైపు

ఆ ఊళ్లో ఇంటికప్పులు పలకరాయి,
సమాధులు పలకరాయి,
పిల్లలు అక్షరాలు దిద్దేదీ ఆ రాతిమీదే.
ఉత్తర వేల్స్ కొండల్లో వారానికి ఆరు రోజులు వాన,
ఏడో రోజు ఆరాధన, వానతో సహా.

నాకు ఇరవై ఆరేళ్లు. పాస్టరుగా మొదటి ఊరు.
పెట్టెలో రెండు జతల మేజోళ్లు,
కృప గురించి నలభై పేజీల వ్యాసం,
దాని అంచున పరీక్షకుడి ఎర్రసిరా మెచ్చుకోలు.

మంగళవారాలు ఇద్వల్ ఇంటికి వెళ్లేవాణ్ణి.
గనిలో బండ జారి వెన్ను విరిగిన మనిషి.
పదకొండేళ్లుగా మంచం.
మెడకు పైన మాత్రమే బతికి ఉన్నాడు,
ఆ కాస్త మేరా దేవుడితో నింపుకున్నాడు.
"పుల్ల ఇటు తీసి అటు పెట్టలేనయ్యగారూ,
నన్ను రక్షించాలంటే ఆయన ఉచితంగా చెయ్యాల్సిందే!"
నవ్వేవాడు. నవ్వితే దగ్గు.
దగ్గితే వంటింట్లోంచి లౌరి.

లౌరి మందిరానికి రాదు.
కొడుకు ఎమ్లిన్‌ను అదే గని మింగిన ఏడాది నుంచి
ఆమె నోట ప్రార్థన విన్నవాళ్లు లేరు.
కానీ పక్కింటి బాలింతకు జావ,
ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మున్న ముసలి గెథిన్‌కు బొగ్గుతట్ట,
సమ్మెలో పనికి పోయి వెలి పడ్డవాడి గడప ముందు కూడా
చీకటి పడ్డాక ఒక రొట్టె.
అడిగితే "మిగిలింది" అనేది.
ఆ ఇంట్లో ఏదీ మిగలదని నాకు తెలుసు.

విశ్వాసం చెట్టు, క్రియలు కాయలు అని రాశాను నేను.
ఇక్కడ చెట్టు పడగ్గదిలో,
కాయలు వంటింట్లో.

నవంబరులో ఒకనాడు ఆ వ్యాసం పైకి తీశాను.
అహంకారమే, ఒప్పుకుంటున్నా.
సిలువ మీది దొంగ మాట ఎత్తాను:
"రెండు చేతులకూ మేకులు. ఏ పుణ్యం చేస్తాడు?
ఎవరికి నీళ్లిచ్చాడు? ఎవరి పుండు కడిగాడు?
ఒక్క మాట అడిగాడు. అంతే. పరదైసు."
ఇద్వల్ కళ్లు మూసుకున్నాడు,
ఎండ కాచుకుంటున్న పిల్లిలా.

లౌరి అతని వీపు పుండు కడుగుతోంది.
గోరువెచ్చని నీళ్లు, ఉప్పు, దిండుగలీబు చింపిన గుడ్డ.
తల ఎత్తకుండానే అంది:
"మేకులు ఎవరు పీకారు?"

నాకు అర్థం కాలేదు.

"సాయంత్రం. ప్రాణం పోయాక.
దించడానికి ఎవరో నిచ్చెన ఎక్కాలి గదా,
దొంగ కోసమైనా, మీ ప్రభువు కోసమైనా.
మేకు ఊరికే ఊడి రాదు.
ఎమ్లిన్ మీద బండ ఊరికే లేవలేదు.
ఆరుగురు పట్టారు. ఇద్దరు పచ్చి తాగుబోతులు.
వాళ్లేం నమ్ముతారో నేను అడగలేదు."

గుడ్డ పిండింది.
నీళ్లు కాస్త ఎర్రగా.

నా దగ్గర జవాబుంది, పదమూడో పేజీలో.
మంచి జవాబు. తప్పని ఇప్పటికీ అనుకోను.
చెప్పలేదు.

"లౌరీ," అన్నాడు ఇద్వల్, "కిటికీ వైపు."
మందిరంలో దీపం వెలిగే వేళ అది.
రాత్రిళ్లు నిద్ర పట్టక అటే చూస్తూ
ఆమె పేరు చెప్పుకుంటాడట దేవుడికి.
తను చేయగల పని అదొక్కటేనట.
ఒక చెయ్యి భుజం కింద, ఒకటి నడుం కింద,
మోకాలు మంచం అంచుకు ఆనించి
ఆమె అతన్ని తిప్పింది,
తను మొహం తిప్పుకున్న ఆ వెలుగు వైపు.
అడ్డుగా నిలబడ్డానని గమనించి
ఒక అడుగు పక్కకు జరిగింది.

ఆ సాయంత్రం బొగ్గుతట్ట నేను మోశాను.
ఎక్కుడు దారి. వాన. తాడు అరచేతిని కోస్తోంది.
దేవుడు చూస్తున్నాడా అని
దారిలో రెండుసార్లు అనుకున్నాను.
గెథిన్ తలుపు తీసి, నా వెనక చీకట్లోకి తొంగి చూసి
"లౌరి రాలేదేం?" అన్నాడు.