తరుగు

ఇరవై రెండేళ్లుగా మిర్చి యార్డులో కాటా దగ్గరే నా నిలువు.
గోనెకింత, తేమకింత, మట్టికింత,
తరుగు తీసేసి అసలు తూకం కేకేస్తాను.
రైతు మొహం వాడిపోతుంది. నా నోరు ఆగదు.

అందుకే కాబోలు, వకీలు గారు
"రక్త పరీక్ష అడుగుదాం యల్లమందా, అసలేదో తేలిపోద్ది" అన్నప్పుడు
అది మా యార్డు భాషలాగే వినపడింది.
అన్న పెన్ను మూత తీసిచ్చాడు.
సంతకం నాదే.

పిటిషను చదివి వినిపించారు:
ఆ ఏడు మాఘం నుంచి చైత్రం దాకా
పిటిషనుదారు వరంగల్లు మార్కెట్లో ఉన్నాడు,
భార్య గుంటూరు నల్లపాడులో ఉంది,
చూపుల్లేవు, మాటల్లేవు,
కనుక పుట్టిన పిల్ల అతనిది కాదు,
కనుక నెలకు నాలుగు వేలు ఇవ్వక్కర్లేదు.
'కనుక' అనే మాటకి ఇంత బరువుంటుందని
ఏ కాటా మీదా చూడలేదు.

కాపురం నిలిచుండగా పుట్టిన బిడ్డకు
మొగుడే తండ్రని చట్టం నమ్ముద్దంట.
ఆ నమ్మకాన్ని కదపాలంటే
ఆ రోజుల్లో మేం ఎదురే పడలేదని చూపాలంట.
చట్టానికున్నపాటి నమ్మకం నాకెందుకు లేకపోయిందో
అది మాత్రం ఎవరూ అడగలేదు.

ఇవాళ కౌన్సిలింగు గది.
బల్ల మీద ప్లాస్టిక్ ఏనుగు, ఒక చెవి లేదు.
బెంచీకి ఆ చివర నాగమల్లేశ్వరి.
కౌన్సిలరమ్మ వరండాలో ఎవరితోనో ఫోన్లో గ్యాసు బండ గురించి.
నాలుగేళ్ల పిల్ల ఏనుగుని నా మోకాలి మీద నడిపిస్తూ
ఆగి, ముక్కు ముడిచి,
తుమ్మింది. మళ్లీ. మళ్లీ.
ఉతికిన చొక్కాయే వేసుకొచ్చాను, ఘాటు పోదు.
"నూరేళ్లు" అనేసింది నా నోరు, నన్నడక్కుండానే.

"ఆ రాత్రి నేనూ ఇట్టాగే తుమ్మాను"
అంది నాగమల్లేశ్వరి, కిటికీతో చెప్పినట్టు.

ఆ రాత్రి.
పిటిషనులో లేని రాత్రి.
కోటప్పకొండ మొక్కు తీర్చుకుని
సరుకు లారీ ఎక్కి రెండింటికి తలుపు తట్టాను.
కారం మండే చేతులకి కొబ్బరినూనె రాస్తూ
తుమ్ముతూ, నవ్వుతూ, మళ్లీ తుమ్ముతూ తను.
కోడి కూయకముందే అదే లారీలో వెళ్లిపోయాను.
"ఒక్క రాత్రి లెక్కేంట్రా, రాయించొద్దు" అన్నాడు అన్న.
తరుగు కింద తీసేశాం.

నిజం చెప్పొద్దూ, నాకిప్పటికీ తెలీదు.
రక్తానికి తెలిసుండొచ్చు.
గాజు గొట్టంలో పోసి అడిగితే చెబుద్దేమో.
అడగను.

"ఫీజు వెనక్కి రాదు" అన్నారు వకీలు గారు మెట్ల మీద.
అన్న బండి ఎక్కి, ఎక్కమనకుండా వెళ్లిపోయాడు.
మళ్లీ గదిలోకొచ్చాను.
"ఏమనుకున్నారు?" అంది కౌన్సిలరమ్మ, కాగితం మీద స్కేలు పెట్టి గీత గీస్తూ.
"పరీక్ష వద్దు.
ఆ ఒక్క రాత్రి కూడా రాయండమ్మా."
"వాయిదాలకొచ్చిన బస్సు చార్జీలు కూడా" అంది నాగమల్లేశ్వరి.

అప్పుడు చూసింది నా వైపు.
క్షమించినట్టు కాదు.
కాటా మీద అంకె ఊగడం మానేదాకా
రెప్ప వెయ్యకుండా రైతు చూస్తాడే,
అట్టా.