చెక్కుబంది

పత్తికొండ రిజిస్ట్రార్ ఆఫీసు ముందర
రేకుల పంచ కింద
కంప్యూటర్ తట్టుకుంటా
"చెక్కుబంది చెప్పమ్మా" అన్నాడు రైటర్ గిడ్డయ్య.

తూర్పు, బోయ రామాంజి చేను.
దక్షిణం వంక. నీళ్లుంటే వంక, లేకుంటే ఇసుక.
పడమర, తుగ్గలికి పోయే బండ్ల బాట.
ఉత్తరం కాడ నా నోరు ఆగింది.

మా మామ నెట్టికల్లప్ప
కాశింసాబు కాడ ఈ నేల కొనింది
కరువు ఏట, తెల్లకాయితం మీద.
ఇచ్చింది ఏడు మూటల జొన్నలు, ఈనిన ఎనుము ఒకటి.
రెండు వేలిముద్రలు. సాక్షి ఒకడు, వాడూ పోయినాడు.
అన్నిటికన్నా కింద, పాలిపోయిన ఇంకుతో:
"ఉత్తరపు మూల మాబమ్మ గోరీ,
దాని చుట్టూ సెంటు నేల,
దాని కాడికి నడిచే దోవ,
ఇవి అమ్మలేదు."

నా మొగుడు పోయిన పదకొండో దినం
తన పాలు ఎప్పుడో అమ్ముకున్న మా బావ మునెప్ప
గడప మీద కూర్చొని
"యాడుందమ్మీ నీ పేరు?" అన్నాడు.
యాడా ల్యా.
అడంగల్లో ఇంకా కాశింసాబే దున్నుతా ఉన్నాడు,
చచ్చి ఇరవై ఏండ్లు.
వానలు రాని ఏడు బుడ్డల పరిహారం
ఆయన పేరున వచ్చి, ఆయన్ను వెతికి, తిరిగి పోయింది.
నేను టమాటా మండీలో
నూటికి మూడు వడ్డీకి చెయ్యి చాపినా.

అందుకే సర్వే వచ్చిననాడు సంతోషపడినా, దాచను.
మూడు కాళ్ల మీద తెల్ల పుట్టగొడుగు నిలబెట్టి
పిల్లోడెవరో ఆకాశాన్ని అడిగినాడు.
రెండెకరాల ముప్పై ఏడు సెంట్లు అనింది ఆకాశం,
గోరీతో కలిపి.
అంత పైనుంచి గోరీ కూడా రాయే.

కాశింసాబు మనవడు దస్తగిరి
ఆదోని జిన్నింగు మిల్లులో ఒకనాటి కూలి వదులుకొని
సంతకానికి వచ్చినాడు.
రాకపోయింటే నేను చేసేది ఏమీ ల్యా.
"లక్ష అడుగు, ఇస్తాది" అని
ఎవురో చెవిలో వేసినారంట.
బస్సు ఛార్జీ కూడా తీసుకోల్యా.
పెన్ను పట్టుకొని ఒకటే అడిగినాడు,
"అన్నా, ఆ సెంటు?"

గిడ్డయ్య కళ్లద్దాలు తీసి తుడిచినాడు.
సెంటు విడదీయాలంటే మళ్లా అర్జీ,
మళ్లా సర్వేయరు, మళ్లా చలానా, మూడు నెలలు.
"దోవకు ఇందులో గడి ల్యా అప్పా.
ఇద్దరూ మంచోళ్లే కదా,
నోటిమాట మీద పోనీండి."

నోటిమాట చెల్లదనే కదా
ఇంత దూరం వచ్చింది.
పైకి అనల్యా.
చెవుల కమ్మలు అప్పటికే
స్టాంపులకింత, రైటర్‌కింత, లోపల టీలకింత అయిపోయినాయి.
నాకు పుస్తకం కావాల.

వచ్చింది.
బోయ సుంకులమ్మ, భర్త లేట్ నెట్టికంటయ్య.
పక్కన నా ఫొటో, బెదిరిన మేక మాదిరి.
మునెప్ప దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి
మంచినీళ్లు అడిగి తాగి పోయినాడు.
ఆ రాత్రి గడియ వేయకుండా నిద్రపోయినా.

బ్యాంకు లోనుతో మండీ బాకీ తీర్చినా.
సంతకం కాడ మేనేజరు గట్టిగా చదివినాడు,
తాకట్టు: రెండెకరాల ముప్పై ఏడు సెంట్లు.
ఎవురి గింజ ఎరగక ఆకలి ఏట చచ్చిన మాబమ్మ
ఇప్పుడు నా అప్పుకు హామీ.

మొన్న షబేబరాత్ రాత్రి దస్తగిరి వచ్చినాడు,
చేతిలో ఊదు, పొట్లంలో బెల్లం, బొరుగులు.
వాళ్ల తాత వచ్చేవాడు, వాళ్ల నాయన వచ్చేవాడు,
పైరు తొక్కకుండా సాళ్ల నడుమ
చీకట్లో కూడా తప్పకుండా పోయేవాళ్లు.
ఈ పిల్లోడు
కొత్తగా నాటిన సర్వే రాయి కాడ నిలబడి
చెప్పులు విడిచి
"అక్కా, రావచ్చునా?" అన్నాడు.

రా నాయనా అన్నా.
అనేలోపల ఒక్క రెప్పపాటు
నా చేను అనుకున్నా.