మూడో మాట

పరకాలంటే ఐదు సున్నా ఆరు, ఒకటి ఆరు నాలుగు.
ములుగైతె ఆఖరుకు మూడు నాలుగు మూడు.
కాజీపేట ఆర్‌ఎమ్మెస్‌ల ఇరవై ఆరేండ్ల నైట్ డ్యూటీ,
ఉత్తరం ముఖం సక్కగ సూడకుండనే
గూట్లకు ఇసిరేటోడు.

మొన్న ఎండకాలం
నర్సంపేట కట్ట మానుకోట సంచిల పడ్డది.
ఇంకోనాడు కవరు పట్టుకొని
గూళ్ల ముందట గంటసేపు నిలవడ్డడట.
"తాగొచ్చిండా ఓదెలు?" అనుకున్నరు.
చాయ్ తప్ప ఎరుగడు.

నాకెరుకే, రాత్రి ఏం పోతదో.
గురక ఉన్నంతసేపు నాకు నిమ్మళం.
ఆగితెనే లేచి కూసుంట.
పది. ఇరవై. ముప్పై రెండు.
సోమిడి గేటు కాడ గూడ్సుబండి ఆగినట్టు
ఇల్లంత ఆగుతది.
మోచేత్తో పొడిస్తె
చెరువుల మునిగి తేలినోని లెక్క
ఒక్క గుటక గాలి.
హన్మకొండల తలకు తీగలు పెట్టి లెక్కగట్టిర్రు:
గంటకు నలభై ఒక్కసారి.

డాక్టర్ నుస్రత్ మూడు మాటలు చెప్పింది.
జామకాయ, తలుపు, గడియారం.
గుర్తుంచుకోండి, మల్ల అడుగుతా.
ఐదు నిమిషాలకు అడిగితె
జామకాయ అన్నడు. తలుపు అన్నడు.
మూడోదానికి
జనగామ పిన్‌కోడ్ చెప్పిండు.
నవ్వాపుకోలేక బయటికొచ్చిన.
వరండల నవ్వు రాలే.

రాత్రికి గాలి మిషిను, పొద్దుగాల తెల్ల గోలి, సగం.
"మిషిను ఊపిరికి, గోలి మతికి.
కొందరికి పనిజేస్తది, కొందరికి చెయ్యది,
పోయిందంత తెస్తదని నేను చెప్పను."
ఆ మాటకే ఆమె మీద గురి కుదిరింది.

మూతికి తొండం కట్టుకొని పంటడు.
మనుమరాలు "ఏనుగు తాత" అంటది.
మొదటి వారం తల తిరుగుడు, బువ్వ సయించకపోవుడు.
కూరగాయల కత్తితో గోలిని నేనే కోస్త,
రాలిన పొడి వేలికద్ది నాలికె మీద పెడుత,
అగ్గువ గోలి కాదది.
రాత్రుల్లు ఇప్పుడు లెక్కపెట్టే పని లేదు.
అయినా నిద్ర రాదు,
మిషిను సప్పుడు ఇనుకుంట పంట.

ఇరవై మూడో పొద్దు
చాయ్‌ల రొట్టె ముంచి
నోటిదాక తెచ్చి ఆగి
"గడియారం" అన్నడు.

ఎవ్వలడగలే.
మా గోడకు గడియారమే లేదు.
డాక్టరమ్మకు ఫోన్ చేస్తె
లేటుగొచ్చిన మాటకు మార్కులుండయి అన్నది,
అనుకుంటనే నవ్వింది.

రొట్టె తెగి చాయ్‌ల పడ్డది.
ముద్రలు పడి, మూలలు నలిగి,
ఏయే ఊర్లు తిరిగొచ్చిన కార్డో అన్నట్టు
ఆ మాటను
ఏ గూట్లె వెయ్యాల్నో తెలువక
నా చేతికిచ్చిండు.