మూత

ఇమ్మానుయేల్ ముందు ధర చెప్పలేదు.
టార్పాలిన్ లాగాడు.
కమ్మనహళ్ళిలో వాళ్ళ మేడ కింద
నీళ్ళ సంపుకీ పాత ఫ్రిజ్జుకీ మధ్య
పసుప్పచ్చగా, ముక్కు సాగి, ఒక పెద్ద కాయ.
వెలోమొబైల్ అంటారట.
వాళ్ళ చిన్నది మాత్రం వేలు చూపించి
‘కడలెకాయి’ అంది.
ఆ మాటకే సగం అమ్ముడుపోయాను.

నాకున్నది మూడు చక్రాల పడక సైకిలు.
నడుములో డిస్కు జారిన ఏడాది కొన్నాను.
మత్తికెరె నుంచి పీణ్య దాకా
రోజూ కాళ్ళు ముందు పెట్టుకుని పోతాను.
‘అట్లా వీధిలోకొచ్చేది శవమూ నువ్వూనే’ అని
హిందూపురం నుంచి మా చిన్నత్త
ఫోనులో పడీపడీ నవ్వుతుంది.
నవ్వనీ.
ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఆమెకి ఆకాశం కనబడదు.
నాకు కనబడుతుంది,
మెట్రో దిమ్మెల సందున
చారెడు.

ఈ ఊరు నాకు జానెడెత్తులోనే తెలుసు.
బస్సు చక్రం బోల్టులు,
ఆటో పొగగొట్టం వెచ్చదనం,
కుక్కల కళ్ళు, స్కూలు పిల్లాడి మోకాలి మీద
పక్కు కట్టిన దెబ్బ.
యశవంతపురం మార్కెట్టు మొదట్లో
గోనెపట్టా మీద కూచునే రత్నమ్మ
‘ఊట ఆయ్తా?’ అంటూ
మూరెడు కనకాంబరాలు నా ఒళ్ళో పడేస్తుంది.
ఆమె తల దించదు, నేను తల ఎత్తను.

మగాళ్ళు దించుతారు.
సిగ్నల్ దగ్గర స్కూటర్ల మీంచి
మోకాళ్ళ నుంచి మెడ దాకా చూసి
ఆ తర్వాత సైకిలు చూస్తారు.
‘ఎష్టు మేడం ఇదు?’
ఫోన్లు తీస్తారు.
పెంకు ఎందుకు కావాలని ఇమ్మానుయేల్ అడిగితే
వాన, అన్నాను.
వాన కూడా నిజమే.
మే నెల సాయంత్రాలు దాసరహళ్ళి దాటేలోగా
ఒడి నిండా చెరువే.

ఆదివారం తెల్లారి హెణ్ణూరు రోడ్డు మీద తొక్కి చూశాను.
మూత బిగిస్తే తల ఒక్కటే బయట.
అబ్బ, ఏం పరుగది!
పల్లంలో నలభై రెండు.
గాలి నన్ను పోల్చుకోనే లేదు.
ఎవరో ఆయాసపడుతున్నారు లోపల,
కాసేపటికి తెలిసింది నేనేనని.
గులకరాయి తగిలినా డప్పు మోగినట్టే.
మూడో స్పీడ్‌బ్రేకర్ దగ్గర పొట్ట గీసుకుంది.
వెనక మోపెడ్ మీద వస్తున్న ఇమ్మానుయేల్
నొప్పిగా కళ్ళు మూసుకున్నాడు.

టీ బంకు దగ్గర ఒక ముసలాయన చెయ్యెత్తాడు.
నేనూ ఎత్తబోయాను.
చెయ్యి లోపలుంది.

ఇంటికొచ్చి టేపు తీశాను.
ట్రైకునైతే తోక మీద నిలబెట్టి లిఫ్టులో ఎక్కిస్తాను.
దీని ముక్కు లిఫ్టులో పట్టదు.
‘జనరేటర్ పక్కన పెట్టుకో అక్కా,
గోనె కప్పుతా’ అన్నాడు వాచ్‌మన్ తిమ్మరాజు.
‘ఎలుకలొస్తాయి గానీ అవి కార్ల వైర్లకే.
దీనికి వైర్లెక్కడివి?’

మైక్రోమీటర్లు సరిచూసే ఉద్యోగం నాది.
మిల్లీమీటరులో నూరోవంతు తేడా ఉన్నా
ముక్కని పక్కన పడేస్తాను.
మూడు రాత్రులుగా కాగితం మీద
ఇటు ధర, అటు వాన,
ఇటు నడుము, అటు చూపులు,
కూడిక ప్రతిసారీ వేరేగా వస్తోంది.

బుధవారం రత్నమ్మకి చెప్పాను,
మూత ఉన్న బండి కొంటున్నానేమో అని.
ఆమె దారం పంటితో తెంపి
నా వైపు కాదు, ఒడి వైపు చూసింది.
‘మరి పూలెక్కడ వెయ్యాల?’

రాత్రి ఇమ్మానుయేల్‌కి మెసేజ్ పెట్టాను,
టార్పాలిన్ కప్పే ఉంచు, ఇంకో ఆదివారం ఇవ్వు,
మూత తీసేసి తొక్కితే
వేగం ఎంత తగ్గుతుందో చెప్పు.

ఇందాకట్నించీ అతని పేరు కింద
టైప్ చేస్తున్నట్టు చూపిస్తోంది,
ఆగుతోంది,
మళ్ళీ చూపిస్తోంది.