ఇరవై కిలోల లోపు

లారీ నిండుగా ఎక్కుతుంది కాటా మీదికి:
యాభై రెండు వేల మూడు వందల ఇరవై.
ఖాళీగా వెనక్కొస్తుంది:
పద్దెనిమిది వేల నూట నలభై.
తీసేస్తే మిగిలేది బొగ్గు.
పదకొండేళ్లుగా నా ఉద్యోగం ఈ ఒక్క తీసివేత.

ఎమలహ్లేని పొలిమేరలో రెండో నంబరు గేటు.
వెనక ఆరు కూలింగ్ టవర్లు.
జూలై మంచుకి గడ్డి తెల్లబడుతుంది
తొమ్మిదింటికల్లా నల్లబడుతుంది.

కరెంటుకి పుట్టిల్లు మాది.
కాపురం మాత్రం ఎక్కడో
క్రోమ్ కరిగించే కొలుముల్లో,
జోహానెస్‌బర్గ్ లిఫ్టుల్లో,
సముద్రపొడ్డున అల్యూమినియం మరిగే తొట్లలో.
మా నెత్తి మీది తీగల వెంట గునగునా వెళ్లిపోతుంది
గుమ్మం వైపు ఒక్కసారి తల తిప్పదు.

బొగ్గుకి అబద్ధం రాదు, మనుషులు నేర్పుతారు.
అడుగున రాళ్లు, పైన బెత్తెడు మెరుపు.
రాయీ తూగుతుంది, కాటా కాదనదు.
ల్యాబు నుంచి చీటీ వచ్చేలోపు
అది బాయిలర్ గొంతులో ఉంటుంది.
ఎక్కడో ఒక మంగలి
సగం గీసిన గడ్డంతో మనిషిని కూర్చోబెట్టి
కొవ్వొత్తి వెతుక్కుంటుంటాడు.

మొన్న రాత్రి నా కాటాయే ఆరిపోయింది.
లోడ్ షెడ్డింగ్. పవర్ స్టేషన్ గేటు దగ్గర!
డ్రైవర్ మఫోసా స్టీరింగ్ కొట్టి కొట్టి నవ్వాడు.
పళ్లెం మీద లారీ,
లారీలో ఇంకా అంకె పడని బొగ్గు.
చలి ఎముకల్లో దిగుతోంది.
అంచున జారబోతున్న నాలుగు పెళ్లలు లాగి
చిల్లుల డబ్బాలో రాజేసి టీ కాచాడు.

"దీన్ని దొంగతనమంటారా, తోకోజిలే?"
"తూచాక చెప్తా."

వెలుగొచ్చాక తూచాను.
కాటా లోకాన్ని ఇరవై ఇరవై కిలోలుగా చూస్తుంది
అంతకు తక్కువైతే దాని కంటికి ఆనదు.
మా టీ ఆనలేదు.
రైలు పట్టాల పక్కన ఏరుకునే ముసలామె బకెట్టు ఆనదు.
గని నుంచి ఇంటికొచ్చేశాక మా నాన్న
ఏడాది పొడుగునా రుమాల్లోకి దగ్గిన నలుపు
మొత్తం పోగేసినా
ఇరవై కిలోల లోపే.

చీటీ చింపి మఫోసాకిచ్చాను.
వెనక పద్నాలుగు లారీలు హారన్లు కొడుతున్నాయి.
చెయ్యి ఊపాను: రా,
కొంచెం ముందుకు.
ఆఁ, అక్కడ ఆపు.