సగం తేడా

నగరిలో మరమగ్గాల వీధి వెనకే మా హైస్కూలు.
ఆ పూట కరెంటు లేదు
గనక పాఠం చెవిన పడింది.

జ్ఞానశేఖరం సారు స్కూటరు మీంచి పడి
ఎడమ చేతికి పుత్తూరు కట్టుతో వచ్చినాడు,
కోడిగుడ్డు వాసన ముందు బెంచీ దాకా.
కుడి చేతిలో పసుపు నైలాను తాడు.
రెండో కొసకి మనిషి కావాల.
వరండా ఊడుస్తున్న కుప్పమ్మను పిలిచినాడు.
నన్ను మధ్యలో నిలబెట్టి
సరిగ్గా నడిమికి నా ఎర్ర రిబ్బను కట్టించినాడు.

"ఇద్దరం ఒకేసారి పైకి!"
రెండు మూపురాలు ఎదురెదురుగా పరుగెత్తుకొచ్చి
రిబ్బను కాడ ఒక్కటై
నా తలకంటే ఎత్తు లేచినాయి.
క్లాసంతా కేక.

"ఇప్పుడు నేను పైకి, నువ్వు కిందికి.
దీన్నే దశాభేదం అంటారు."
"నా దశ ఎప్పుడు పైకొచ్చింది గనక సారూ"
అంటానే కుప్పమ్మ కిందికి విదిలించింది.

అటు నుంచి మూపురం, ఇటు నుంచి గుంట.
రిబ్బను మాత్రం
నిద్రపోయే పిల్లి తోక మాదిరి ఉండిపోయింది.
రెండూ చచ్చిపోయినాయా అని అడిగినా.
సారు బోర్డు వైపు తిరిగేలోగా కుప్పమ్మే అనింది:
"యాడికి పోతాది మే?
మీ సారు ఇసిరింది నా చేతికొచ్చి కొట్టింది, చూడు."
అరచెయ్యి చాపింది. ఎర్రగా ఉన్నింది.

మా నాయనది పగలు షిఫ్టు, అమ్మది రాత్రి.
అదే మగ్గం, అవే లుంగీ గళ్ళు.
నులక మంచంలో ఒకటే పల్లం,
ఎప్పుడు తాకినా వెచ్చగా.
ఒకరు లేస్తే ఒకరు వాలతారు.
పోట్లాట లేదు, నవ్వు లేదు,
పొయ్యి మీద మూతేసిన సంగటి.
మధ్యలో నేను.
మా ఇంట్లో ఏదీ కదలదనే అనుకుంటా ఉన్నా.

బెల్లు కొట్టినాక, తాడు చుడతా
సారు ఇంకో మాట అన్నాడు, ఎవరూ వినలేదు:
"ఆ రిబ్బను జానెడు పక్కకి జరిపి కట్టుంటే
ఎగిరేది."

మర్నాడు సాయంత్రం ఆరుకి
నేను ఇంట్లో కూర్చోలేదు.
షెడ్డు గేటు దాకా నడిచినా.
లోపలినుంచి ఆయన, వీధిలోనుంచి ఆమె.
ఆగనైనా ఆగలేదు.
నాయన జేబులోంచి దారం కత్తెర తీసి అమ్మ చేతిలో పెట్టినాడు.
అమ్మ కొంగుతో
ఆయన చెవి మీది దూది పీచు తుడిచింది.
అంతే,
ఒకరిలోంచి ఒకరు దాటిపోయినట్టు
ఆమె మగ్గం వైపు, ఆయన నా వైపు.

"నువ్వెందుకొచ్చినావు మే?"
ఏమని చెప్పేది.
నా చెయ్యి పట్టుకున్నాడు.
ఆ వేళ్ళలో మగ్గం
ఇంకా ఆడతా ఉన్నింది.